లేచినవాళ్లూ కూర్చున్నవాళ్లూ

ఈమధ్య మా వీధి పిల్లలు, డిగ్రీలు చేతబట్టుకున్నవాళ్లు, సాయంత్రంపూట మా అరుగు మీదికి వచ్చి కూర్చుంటున్నారు. మాంద్యం వస్తోందట, ఉద్యోగాలు పోతాయట. దీనికంతటికీ ఫలానా పార్టీ కారణమని ఒకడంటాడు, కాదు అవతలి పార్టీ అని ఇంకొకడు మెడ నరాలు ఉబ్బేట్టు అరుస్తాడు. వాళ్ల వాదన వింటే నాకు నవ్వు వస్తుంది, దాని వెనకనే దిగులూ వస్తుంది. ఈ నాటకం నేను చూశాను నాయనలారా. వేషగాళ్లు మారారు గానీ పద్యాలు అవే.

మీకు ధైర్యం చెప్పేంత అర్థశాస్త్రం నాకు రాదు. మిషన్ బడిలో ఎనిమిదో తరగతితో నా చదువు అయిపోయింది. తర్వాత నాకు పాఠం చెప్పింది బాయిలరు ఒక్కటే. కానీ మా ఊరు మాంద్యం అనే మాటను మొదటిసారి విన్నప్పుడు నేను అక్కడ ఉన్నాను, అది మా మధ్య ఏమేం చేసిపోయిందో చూశాను. అది చెబుతాను, వినండి. ఎవరి పేర్లూ చెప్పను. వాళ్ల మనవలు ఇప్పుడు మీతోపాటు చదువుకున్నవాళ్లే.

రాజధాని కర్నూలులో గుడారాల కింద నడుస్తున్న రోజులవి. డోన్ జంక్షను పక్కన ఒక నూనె మిల్లు ఉండేది. వేరుశనగను మా వైపు బుడ్డలంటారు. పత్తికొండ దిక్కునుంచి ఆ బుడ్డలు బండ్ల మీద వచ్చేవి. ఒక షెడ్డులో మరలు వాటిని ఒలిచేవి, వసారాలో ఆడవాళ్లు చాటలు ముందర పెట్టుకుని గింజలేరేవారు, వెనక షెడ్డులో నూనె దిగేది. అది పంట రోజుల్లో మాత్రమే తిరిగే మిల్లు కాదు, ఏడాది పొడుగునా తిరిగేది. నేను బాయిలరు మనిషిని. ఒలిచిన పొట్టే మా బాయిలరుకు మేత. మిల్లు తిరిగితే పొట్టు వస్తుంది, పొట్టు ఉంటే ఆవిరి లేస్తుంది, ఆవిరి ఉంటే మిల్లు తిరుగుతుంది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, ముందు పనికొస్తుంది.

నాకు ఇంకొక పని కూడా ఉండేది. పొద్దున పనిలోకి రమ్మనీ, మధ్యాహ్నం అన్నానికి పొమ్మనీ, సాయంత్రం ఇంటికి పొమ్మనీ గొలుసు లాగి కూత వేయడం. మిల్లుకోసం వేసిన కూతను ఊరంతా తనదనుకుంది. హోటలాయన దాన్ని విని బొరుగుల ఉగ్గానికి తాలింపు పెట్టేవాడు. కోడలు ఆలస్యంగా లేచిందో లేదో అత్తలు దాన్నిబట్టే తేల్చేవారు. కూత వినపడిందంటే ఊరు బాగుందని లెక్క.

నాతోపాటు పొయ్యిలోకి పొట్టు తోసే పెద్దాయన ఒకరుండేవారు. కోట వీధి ముసల్మాను. మిల్లంతా ఆయన్ను చిచ్చా అనేది, ఒక్క గుమాస్తా తప్ప. గుమాస్తా ఆయన్ను "ఒరే పొట్టోడా" అని పిలిచేవాడు. పొట్టు తోసేవాడు కాబట్టి పొట్టోడు. మనిషి చూస్తే దూలానికి తల తగిలేంత ఎత్తు. చిచ్చా ఎప్పుడూ ఎదురు చెప్పలేదు. పిలిచిన ప్రతిసారీ ఒక పార పొట్టు ఎక్కువ తోసేవాడు, అంతే. ఆవిరి ముల్లు పైకి పోవడం చూసి గుమాస్తా ఆయన్ను ఏదో అన్నాడని నాకు తెలిసిపోయేది.

ఆ గుమాస్తా సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఈ కథ ఆయన నాలుక మీదే తిరిగింది. ఆయన మద్రాసులో కొన్నాళ్లు ఉండి వచ్చాడు. ఎవరైనా ఇంగ్లీషు మాట తప్పు పలికితే ఆయనకు అన్నం సహించదు. బాయిల్రు అంటే "బాయ్‌లర్" అని సరిచేసేవాడు, టేసను అంటే "స్టేషన్" అనేవాడు. ఒకసారి పాము కరిచినవాడు "ఆస్పత్రికి తీసుకపోండి" అని ఏడుస్తుంటే "హాస్పిటల్ అనవయ్యా" అన్నాడని ఊళ్లో చెప్పుకునేవారు. అది అబద్ధమే కావచ్చు. కానీ ఆయన్ను ఎరిగినవాళ్లెవరూ అది అబద్ధమని అనగా నేను వినలేదు.

ఆ ఏడు నూనె ధర పడిపోయింది. బొంబాయి వ్యాపారుల నుంచి సరుకు పంపమనే తంతులు తగ్గి, ఆగిపోయాయి. డబ్బాలు గోడౌనులో, మూటలు రైల్వే షెడ్డులో పేరుకున్నాయి. ఆదోని వైపు ఒక పత్తి మిల్లు మూశారన్నారు, బేతంచెర్ల వైపు బండల పని నిలిచిందన్నారు. ఒకచోట మూస్తే ఊళ్లో నోటినోటికీ నాలుగుచోట్ల మూసేవారు. మంగలి షాపులో గడ్డాలు పెరిగినవాళ్లే కూర్చుని మాట్లాడుకునేవారు గానీ, గీయించుకునేవాడు కనపడేవాడు కాదు.

మా వంతు ఒక పొద్దున వచ్చింది. నేను కూత వేసి గొలుసు వదిలానో లేదో, గుమాస్తా ఆఫీసు మెట్ల మీదికి వచ్చి ఒక కాగితం విప్పాడు. మగవాళ్లు ముందర గొంతుక్కూర్చున్నారు. వెనక వసారాలో ఆడవాళ్లు చాటలు ఆపి చెవులు ఇటు పెట్టారు. ఆయన కాగితమంతా ఇంగ్లీషులో చదివాడు, ఒక్క ముక్క ఎవరికీ అర్థం కాలేదు. చివర తెలుగులో, ఈ పొద్దు నుంచి అందరికీ "లే ఆఫ్" అన్నాడు. అని, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. గోడకు అంటించలేదు.

లే ఆఫ్ అంటే పని లేక కూలీలను కొన్నాళ్లు నిలిపివేయడమని మీకు తెలుసు. మాకు తెలీదు. ఆయన మద్రాసు ఉచ్చారణలో "లేయాఫ్" అన్నది మా చెవులకు "లేయప్పా" అని తగిలింది. మా సీమలో అప్పా అనకుండా మగవాణ్ణి పలకరించం గదా. లేయప్పా అన్నాడు, మగవాళ్లందరూ లేచారు. లేచాక ఏం చేయాలో ఆయన చెప్పలేదు. మరలు తిరగలేదు. కాసేపు నిలబడి, దుమ్ము దులుపుకుని, ఒక్కొక్కరే ఇళ్లకు పోయారు.

చిచ్చా పార గోడకు ఆనించి, చేతులు కడుక్కుని నా దగ్గరికి వచ్చాడు. ఆయన ముఖంలో దిగులు కనపడలేదు. పైగా ఏదో మర్యాద జరిగినవాడిలా ఉన్నాడు.

"ఇన్నేండ్లకు నన్ను అప్పా అన్న్యాడప్పా," అన్నాడు. "అంత మర్యాదగా లేయప్పా అంటే, లేయకుండ ఎట్లుండేది?"

వసారాలో ఆడవాళ్లు మాత్రం లేవలేదు. వాళ్లకు పెద్దదిక్కు ఒక అక్క ఉండేది. మా పేటామే, ఆదివారం గుడిలో పాట ఎత్తుకునేది ఆమే. ఆమె ఎక్కడ ఎత్తుకుంటే గుడంతా అక్కడినుంచి పాడాలి, పాదిరి అయ్యగారితో సహా. ఆమె చాట మళ్లీ ఒళ్లోకి లాక్కుని, "మనల్ని గాదు. మనల్నైతే లేమ్మా అంటారు," అని తేల్చేసింది. అక్క చెప్పాక ఇంక అప్పీలు లేదు. గింజలున్నంతసేపు ఏరారు. అయిపోయాక సాయంత్రం దాకా కూర్చున్నారు. మర్నాడు కూత వేళకు మళ్లీ వచ్చి ఎవరి చోట్లో వాళ్లు కూర్చున్నారు.

వాళ్లను గేటు బయటికి తోస్తారని నేననుకున్నాను. తోయలేదు. ఎందుకో తర్వాత అర్థమైంది. మా షావుకారు మిల్లు మూయలేదు, నడపనూ లేదు. మూశాడని తెలిస్తే అప్పులిచ్చినవాళ్లు గేటు దగ్గరికి వస్తారు. అందుకని గేటు తెరిచే ఉంచాడు. వసారాలో ఆడవాళ్లు కూర్చుని ఉంటే దారిన పోయేవాళ్లకు మిల్లు కళకళలాడుతున్నట్టు కనపడేది, అదీ కూలి ఇవ్వకుండా. ఇంక కూత కావాలి కాబట్టి నన్ను పనిలో ఉంచాడు. మిల్లు మొత్తంలో జీతం ఆగని కార్మికుణ్ణి నేనొక్కణ్ణి. చేసే పని పొద్దునా మధ్యాహ్నం సాయంత్రం అబద్ధమాడడం.

ఈలోగా మా ఊళ్లో రాజకీయం నిద్రలేచింది. ఎన్నికలు దగ్గరపడ్డాయి. మాకు ఇద్దరు నాయకులుండేవారు, ఒకరు అధికార పక్షం, ఒకరు ఎదురు పక్షం. ఇద్దరూ బావాబావమరుదులు. సభల్లో ఒకర్నొకరు దుమ్మెత్తిపోసుకునేవారు, పెళ్లిళ్లలో పక్కపక్కన కూర్చుని భోంచేసేవారు. మైకు సెట్టు కూడా ఒకటే, కర్నూలు నుంచి తెప్పించేవారు. బావ సభ అయిపోయిన తర్వాత దాన్ని విప్పి సర్దకుండానే బావమరిది సభకు ఉంచేవారు, బాడుగ కలిసొస్తుందని.

మాంద్యం అనే మాట ఆ మైకులోనే మొదట విన్నాం. అధికార పక్షం నాయకుడు మిల్లు ఎదురుగా ఉన్న మైదానంలో నిలబడి, దేశమంతటా మాంద్యం ఉంది, మన ప్రభుత్వం తప్పేమీ లేదు, ఉమ్మడి రాష్ట్రంలో ఉన్నప్పుడు మద్రాసువాళ్లు మన నోరు కొట్టడంవల్లనే ఇదంతా వచ్చిందని చెప్పాడు. అప్పటిదాకా మాకు తెలిసిన మాంద్యం ఒకటే, అగ్నిమాంద్యం. కడుపులో అగ్ని చల్లారి ఆకలి పుట్టని జబ్బు. దానికి వైద్యుడు శొంఠి కషాయం ఇచ్చేవాడు. మా అక్క వసారాలోంచే ఆ ఉపన్యాసమంతా విని, ఆకలి లేని జబ్బు మాకు యాడ తగిలింది, తగిలితే గుడిలో కానుక వేస్తానని మొక్కుకుంటానంది.

మర్నాడు ఎదురు పక్షం నాయకుడు అదే మైకు పట్టుకుని, ఇది మాంద్యం కాదు, మా బావ పుణ్యమని చెప్పాడు. ఆ తర్వాత తలా ఒక కారణం చెప్పారు. షావుకారు కూలీల సోమరితనం అన్నాడు. జోస్యుడు శని అన్నాడు. రాజధాని వచ్చిందే దరిద్రమని హోటలాయన అన్నాడు. రాజధాని మన ఊరికి రాకపోవడమే దరిద్రమని మంగలి అన్నాడు. తప్పు ఎవరిదో తేలితే మరలు వాటంతటవే తిరుగుతాయన్నట్టు అందరూ దాన్నే వెతికారు.

మిల్లు నిలిచాక మా ఊళ్లో కొత్తగా పుట్టిన ఉద్యోగం ఒకటే, సభలకు పోవడం. మగవాళ్లకు వేరే పని లేదు. ఎదురు పక్షం నాయకుడు పోరాటం మొదలుపెట్టానని చెప్పి రోజూ పొద్దున కూత వేళకే సభ పెట్టేవాడు, వచ్చినవాళ్లకు ఉగ్గాని బజ్జీ పెట్టేవాడు. చిచ్చా కూడా పోయి వెనక వరసలో కూర్చునేవాడు. ఆకు చివర మిగిలిన బజ్జీ ఒకటి మనవరాలికని తువ్వాలులో కట్టుకోవడం నేను బాయిలరు షెడ్డులోంచి చూసేవాణ్ణి. దూలానికి తగిలే మనిషి అలా వంగి కూర్చుంటే చూడలేక పొయ్యి వైపు తిరిగేవాణ్ణి.

ఆ సభల్లో నాయకుడు చెప్పిన మాట ఒకటి మాత్రం నిజం. ఆ మధ్యనే ఢిల్లీలో ఒక చట్టం వచ్చింది. పనిలేదని మిల్లువాళ్లు కూలీలను నిలిపితే, రోజూ వేళకు గేటులోకి వచ్చి కనపడినవాళ్లకు సగం కూలి ఇవ్వాలి. ఈ సంగతి ఆయన పట్నంలో విని వచ్చాడు. సగం కూలి మన హక్కు, షావుకారు మెడలు వంచి తెస్తానని రోజూ మైకులో గర్జించాడు. గేటులో కనపడాలి అన్న ముక్కను మాత్రం దాటేసేవాడు. గేటు మైదానానికి ఎదురుగానే ఉంది, మధ్యలో రోడ్డు ఒక్కటే అడ్డం. సగం కూలి రావాలంటే మగవాళ్లు ఏ వేళకు గేటులో ఉండాలో, సరిగ్గా ఆ వేళకు ఆయన వాళ్లను రోడ్డు ఇవతల కూర్చోబెట్టి సగం కూలి గురించి ఉపన్యాసం ఇచ్చాడు.

అవతల వసారాలో కూర్చున్నవాళ్లకు ఆ మైకు బాగా వినపడేది. మా అక్క ఇద్దరిని వెంటబెట్టుకుని షావుకారు దగ్గరికి పోయి, మాకు సగం కూలి వస్తుందంట గదా అని అడిగింది. ఆయన నవ్వి, మిల్లు మూసింది ఎవరమ్మా, పొద్దున కూత మీకు వినపడలేదా అన్నాడట. మూస్తే గదా సగం కూలి. మరి పని జరుగుతుంటే నిండు కూలి ఏదని అడిగితే, గింజలు ఏరారా అని అడిగాడట.

ఆమె అక్కడినుంచి నేరుగా నా దగ్గరికి వచ్చింది. పొయ్యి ముందర నిలబడి కొంగుతో ముఖం తుడుచుకుంది.

"నీ కూత వినపడినంతసేపు మేము పనిలో ఉండామంట అబ్బీ. పనిలో ఉండే మాకు కూలి లేదు, పని లేదంటే నీ కూత ఉండాది."

నాకు సిగ్గేసింది.

"నిలపమని నేను చెప్పను. నీకూ పిల్లలుండారు," అంది. పోతూ పోతూ నా పొయ్యిలోకి చూసి, పొట్టు తక్కువైందే అంది.

నిజంగానే అయిపోవచ్చింది. మిల్లు తిరగందే పొట్టు రాదని మొదట్లోనే చెప్పాను గదా. కూత కోసమే కొంచెం కొంచెం వేస్తూ వచ్చాను, అడుగు కనపడింది. పొట్టు అయిపోతే ఏం చేయాలని షావుకారును అడిగితే ఆయన ముఖం వాడిపోయింది. ఊళ్లో ఈ వార్త పొక్కేసరికి అందరికీ కంగారు పుట్టింది. కూత ఆగితే అప్పులవాళ్లు వస్తారని షావుకారుకు. మిల్లు మూతపడిందని ఒప్పుకున్నట్టవుతుందని అధికార పక్షానికి. జనం సభకు వేళకు రారని ఎదురు పక్షానికి. ఊరు చచ్చిపోయినట్టుంటుందని మిగతా అందరికీ. పనిచేసే మిల్లు కోసం ఎవరూ అంత తాపత్రయపడింది నేను చూడలేదు. అందరికీ కావలసింది కూతే.

అప్పుడే కబురు వచ్చింది, మంత్రిగారు వస్తున్నారని. మిల్లులు మూతపడుతున్నాయని కర్నూలులో గొడవ జరుగుతోంది, మా మిల్లు చూసి మూతపడలేదని చెప్పడానికి ఆయన వస్తున్నాడు. వెంట లేబరాఫీసరు కూడా వస్తాడు. అధికార పక్షం నాయకుడు మా షెడ్డుకు స్వయంగా వచ్చి, నా భుజం మీద చెయ్యి వేసి, మంత్రిగారు ఉపన్యాసంలో చెయ్యి ఎత్తగానే కూత మోగాలని చెప్పాడు. పొట్టు లేదు స్వామీ అన్నాను. కట్టెలు పంపిస్తానన్నాడు.

పంపించాడు. రెండు బండ్ల తుమ్మకట్టెలు. కట్టెల అడితి ఆయన మేనల్లుడిదే. మా వైపు కట్టెలమ్మేవాళ్లకు ఒక అలవాటు ఉండేది, తూకం పెరగాలని రాత్రంతా నీళ్లు కొట్టి ఉంచేవారు. ప్రభుత్వం ఖర్చని తెలిశాక ఈసారి ధారాళంగా కొట్టారు. మొద్దు చేత్తో పట్టుకుంటే అరచేయి తడిసింది. పైగా మాది పొట్టు తినే పొయ్యి. తడిమొద్దు పెడితే పొగ తప్ప మంట రాదని నాకు తెలుసు, చిచ్చా ఉంటే ఆయనకూ తెలుసు. ఎవరైనా నన్ను అడిగి ఉంటే చెప్పేవాణ్ణి. కట్టెలు దించినవాళ్లుగానీ, పంపినవాళ్లుగానీ, చూసి మెచ్చుకున్న గుమాస్తాగానీ నన్ను అడగలేదు. అడగనిదే అభిప్రాయం చెప్పకూడదని మిల్లులో నాకు మొదటి రోజే నేర్పారు. నేను శ్రద్ధగా మొద్దులు పొయ్యిలోకి తోస్తూ కూర్చున్నాను.

ఆ రోజు పొద్దున మంత్రిగారు వచ్చేసరికి మిల్లుకు మామిడాకులు కట్టారు. గోడౌనులోంచి గింజలు తెచ్చి ఆడవాళ్ల చాటల్లో పోశారు. అడిగితే పని బ్రహ్మాండంగా జరుగుతోందని చెప్పాలని, అలా చెప్పినవాళ్లనే మళ్లీ మొదట పనిలోకి తీసుకుంటారని గుమాస్తా వాళ్లకు రెండుసార్లు నూరిపోశాడు. అక్క తల ఊపింది. ఎదురు పక్షం నాయకుడు మగవాళ్లను గేటు బయట రోడ్డు మీద బైఠాయింపజేశాడు. వాళ్లలో చిచ్చా కనపడలేదు. వెనక ఎక్కడో ఉన్నాడనుకున్నాను.

మంత్రిగారు మెట్ల మీద నిలబడి, మాంద్యం అనేది ప్రతిపక్షాల నోట్లో తప్ప రాష్ట్రంలో ఎక్కడా లేదన్నాడు. ఈ మిల్లే దానికి సాక్ష్యమన్నాడు. కార్మికసోదరుల శ్రమగీతం వినండి అని చెయ్యి ఎత్తాడు.

నేను గొలుసు లాగాను.

ముందు బుసమంది. తర్వాత గొట్టంలో నీళ్లు గుడగుడలాడాయి. చివర ఒక తేన్పు వచ్చింది. పులితేన్పు. పొయ్యిలోంచి నల్లటి పొగ తిరిగి వచ్చి మెట్ల మీదికి పోయింది. మంత్రిగారు దగ్గాడు. అందరూ నవ్వు బిగపట్టుకున్నారు. అంతలో వసారాలోంచి ఒక ముసలామె, వైద్యుడి ఇంటి పక్కనుండే ఆమె, నెమ్మదిగా అంది.

"అగ్నిమాంద్యం సామీ. శొంఠి పోయండి."

మైదానం దాకా నవ్వు పోయింది. అధికార పక్షం నాయకుడు ఏదో ఒకటి చేయాలని అటూ ఇటూ చూశాడు. దేవుడు ఆయన మొర విన్నట్టు అదే సమయానికి దూరంగా ఒక కూత, మంచి నిండు కూత, గాలిలో తేలి వచ్చింది. ఆయన చప్పట్లు కొట్టి, అదిగో విన్నారా మిల్లు కూత అన్నాడు. జంక్షనులో పుట్టి పెరిగిన జనానికి రైలేదో మిల్లేదో చెప్పాలా. రోడ్డు మీద కూర్చున్నవాళ్లందరూ ఒకే గొంతుతో, "అది గుంతకల్లు బండి సామీ," అన్నారు. నేను షెడ్డులో గొలుసు పట్టుకుని పడీపడీ నవ్వాను.

లేబరాఫీసరు మాత్రం నవ్వలేదు. సన్నటి మనిషి, అందరి వెనక నిలబడ్డాడు. ఆయన వసారా దగ్గరికి పోయి, అక్క ముందర వంగి, పని జరుగుతోందా అమ్మా అని మామూలుగా అడిగాడు. గుమాస్తా ఆమెకేసి కళ్లు పెద్దవి చేశాడు. మళ్లీ పని కావాలంటే అవునని ఒక్క మాట చాలు. ఆమె చేతిలోని గింజల్ని చూసింది.

"పని లేదు సామీ. ఊరికే కూచోనుండాము."

"పని లేకపోతే ఎందుకు కూర్చున్నారు?"

"మమ్మల్ని లెయ్యమని యెవురూ చెప్పలా. ఆ పొద్దు గుమాస్తయ్య కాగితం సదివి, లేయప్పా అన్న్యాడు. మగోళ్లు లేసిపోయిరి. మమ్మల్ని లేమ్మా అన్లేదు. ఆ దినం నుంచి దినామూ వస్తాండాము, కూచుంటాండాము."

అంతే. ఆమె అంతకు మించి ఒక్క ముక్క అనలేదు. కానీ గుమాస్తా చెవిలో ఆ "లేయప్పా" ముల్లు దిగినట్టు దిగింది. మంత్రి ఎదుట, అధికారి ఎదుట, తన ఇంగ్లీషును ఇంత ఘోరంగా పలకడమా. షావుకారు చెయ్యి పట్టుకుని ఆపబోయాడు. ఆగలేదు.

"లేయప్పా కాదు. నేను లేయప్పా అనలేదు సార్. లే ఆఫ్ అన్నాను. లే. ఆఫ్. స్పష్టంగా చెప్పాను."

లేబరాఫీసరు ఆయన వైపు తిరిగాడు. "ఏమన్నారు? మళ్లీ చెప్పండి."

"లే ఆఫ్," అన్నాడు గుమాస్తా, ఇంకా బాగా పలుకుతూ.

"ఏ రోజు అన్నారు?"

రోజు చెప్పాడు. చెప్పాక షావుకారు ముఖం చూశాడు. అప్పుడు అర్థమైంది ఆయనకు, తను ఏం పలికాడో.

షావుకారు తెలివైనవాడు, వెంటనే వేరే దారి పట్టాడు. వీళ్లు హాజరైనది చట్టం తెలిసి కాదు, మాట పొరపాటుగా విని, దీన్ని హాజరంటే ఎట్లా అని వాదించాడు. లేబరాఫీసరు కళ్లజోడు తుడుచుకుంటూ, చట్టంలో అర్థం చేసుకోమని లేదండీ, హాజరు కమ్మని ఉంది అన్నాడు. మంత్రిగారు ఈసారి చెయ్యి ఎత్తకుండానే కారెక్కాడు.

కొద్దిరోజుల్లో ఆడవాళ్లందరికీ సగం కూలి వచ్చింది, లే ఆఫ్ అన్న రోజునుంచీ. ఇది తమ ప్రభుత్వం మహిళలకిచ్చిన కానుక అని బావ సభ పెట్టాడు. ఇది తమ పోరాట ఫలితమని బావమరిది సభ పెట్టాడు. మైకు అదే. మగవాళ్లు మాత్రం రెండు సభలకూ పోలేదు. రోడ్డు ఇవతల కూర్చున్నందుకు వాళ్లకు పైసా రాలేదు. రెండు వారాలు ఇళ్లలో పెళ్లాలతో మాట్లాడలేదు కొందరు, వాళ్లేదో మోసం చేసినట్టు. ఆ పైన బుద్ధి తెచ్చుకుని తెల్లారి కూత వేళకు గేటులోకి వచ్చి ఆడవాళ్ల వెనక కూర్చోవడం మొదలుపెట్టారు.

మంత్రి వచ్చి పోయిన సాయంత్రమే నేను చిచ్చాకు ఈ సంగతి చెప్పాలని కోట వీధికి పరుగెత్తాను. రేపటినుంచి వచ్చి కూర్చో చిచ్చా, కూర్చుంటే చాలు అని చెప్పాలి. ఇంటిముందర ఆయన భార్య మనవరాలి తల దువ్వుతోంది. ఆయన పొద్దున గుంతకల్లు బండికి పోయాడప్పా అంది. అక్కడ రైలింజన్లకు బొగ్గు తోసే పని ఉందని ఎవరో చెప్పారట. ఆ వయసులో బొగ్గు. పొట్టు గాలికి ఎగిరేంత తేలిక, బొగ్గు పారతో ఎత్తితే నడుము విరుగుతుంది.

నేను పడీపడీ నవ్వింది ఆ బండి కూతకే. ఆ తలపు ఇప్పటికీ నన్ను పట్టుకుని వదలదు. ఒక మనిషిని మర్యాదగా లేయప్పా అంటే లేచాడు. లేచినందుకు ఆయన ఊరు పోయింది. మాట వినని వాళ్లకు న్యాయం జరిగింది, విన్నవాడికి బొగ్గు దక్కింది. మరుసటి పంటకు మిల్లు తిరిగింది గానీ ఆయన తిరిగి రాలేదు.

మాంద్యం ఎవరివల్ల వచ్చిందని మీరు వాదించుకుంటున్నప్పుడు నాకు ఆయన గుర్తుకొస్తాడు. అప్పుడు మేమందరం కారణాన్నే వెతికాం. ఒక్కడు కూడా రోడ్డు దాటి, చిచ్చా, నువ్వు కూర్చోవలసింది ఇవతల కాదు అవతల అని చెప్పలేదు. చెప్పడానికి మాకూ తెలియదు, నిజమే. తెలిసిన నాయకుడి చేతిలో మైకు ఉండింది.

ఇక నా సంగతి. మిల్లు నిలిచిపోయిందని లోకానికి తెలిసిపోయాక కూతతో ఎవరికీ పనిలేకపోయింది. ఒక పొద్దున గుమాస్తా బాయిలరు షెడ్డులోకి వచ్చాడు. ఈసారి చేతిలో కాగితం లేదు. నా ముందర నిలబడి, నీకు కూడా అదే అన్నాడు. ఏదండీ అన్నాను. అదేనయ్యా అన్నాడు. ఆ ఇంగ్లీషు మాట ఆయన నోటికి రావడం లేదు. పెదవులు కదిపాడు, మానుకున్నాడు. చివరికి గొంతు తగ్గించి, "కొన్నాళ్లు పని లేదప్పా," అన్నాడు.

తెలుగులో. అప్పా అని. అన్నేళ్లలో ఆయన నోట ఆ పిలుపు నిజంగా రావడం అదే మొదలు. దాన్ని వినవలసిన మనిషి గుంతకల్లులో ఉన్నాడు.

నేను పొయ్యి మూత వేసి, చిచ్చా పారను గోడకు ఆనించి, వసారాలోకి నడిచాను. అక్క తన చాట పక్కకు జరిపి చోటిచ్చింది. నేను కూర్చున్నాను.